గచ్చు కింద పైపులోకి ఏ కేబుల్ లాగాలి: అంబాజీపేట కొబ్బరి పొడి యూనిట్ కేస్ స్టడీ

గచ్చు పోయకముందే నెట్‌వర్క్ వాడిని పిలవడం మా వైపు చాలా అరుదు. టైల్స్ పరిచేసి, రంగులు వేసేసి, ముహూర్తం ఇంకో నాలుగు రోజులుందనగా ఫోను చేసి "ఏవండీ, ఇంటర్నెట్ వైర్లు ఎటునుంచి లాగుదామంటారు?" అని అడుగుతారు. అప్పుడు గోడల వెంట తెల్ల పట్టీలు కొట్టుకుంటూ పోవడమే. మా కోనసీమలో అంబాజీపేట దగ్గర కొబ్బరి పొడి యూనిట్ కడుతున్న ఈ యజమాని గారు మాత్రం బేస్‌మెంట్‌లో ఇసుక ఇంకా నింపుతుండగానే కబురు పెట్టారు. ఏప్రిల్ ఆఖరు వారం. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, ఎక్కడ చూసినా నేల నెర్రెలిచ్చి ఉంది. ఆ ఎండిన నేలే ఈ పనిలో మనల్ని మోసం చేసేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

షెడ్డు దాదాపు 50 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు. పైన రేకులు. ఆఫీసు గది, ర్యాక్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి చేరే బీరువా) ఒక మూల. ప్యాకింగ్ టేబుళ్లు నాలుగు, సరిగ్గా షెడ్డు నడిమధ్య. ఒక్కో టేబుల్ దగ్గర తూకం యంత్రం, లేబుల్ ప్రింటరు, ఒక కంప్యూటరు. గోడలు దూరం. పైనుంచి ట్రే వేసి దించుదామంటే లారీలు లోపలికి వస్తాయి, లోడరు తిరుగుతుంది. పైగా కొబ్బరి పొడిలో ఉన్న జిడ్డుకి ట్రే మీద పడ్డ దుమ్ము అట్టలు కడుతుంది. తినే సరుకు బయట పరిచి ఉండే చోట నెత్తిమీద మురికి పేరుకునే ఏర్పాట్లు ఉండకూడదని ఆహార భద్రత నిబంధనలు కూడా అంటాయి. అందుకని దారి ఒక్కటే మిగిలింది: గచ్చు కింద పైపు.

"పైపు వేసేస్తే చాలదా? లోపల ఏ వైరైతే ఏముంది, పైపు కాపాడుతుంది కదండీ" అన్నారాయన. నాలుగేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

అమలాపురంలో ఒక బట్టల షాపు. క్యాష్ కౌంటరు హాలు మధ్యలో. మార్చిలో పని. గచ్చు కింద 25 మి.మీ. పీవీసీ పైపు, జాయింట్లకి సొల్యూషన్ పూసి బాగా బిగించాం. లోపలికి మామూలు క్యాట్6 (ఎనిమిది రాగి తీగలు రెండేసి మెలేసి నాలుగు జతలుగా ఉండే నెట్‌వర్క్ కేబుల్), బూడిద రంగు జాకెట్ (పై తొడుగు), ఇళ్లలో ఆఫీసుల్లో వాడేదే. పైపులోకి ఊది చూస్తే ధూళి వచ్చింది, అంత పొడిగా ఉంది. కేబుల్ లాగాం, టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి, బిల్లు తీసుకున్నాం. జూన్‌లో కాలువలు వదిలారు. జూలై మధ్యకి కౌంటరు దగ్గర కెమెరా రోజుకి రెండు మూడు సార్లు ఆగి మళ్లీ మొదలవుతోందని ఫోను. వెళ్లి చూస్తే నెట్‌వర్క్ స్విచ్‌లో (కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె) గిగాబిట్ రావాల్సిన పోర్టు 100 మెగాబిట్ చూపిస్తోంది. ప్లగ్గు మార్చాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. స్విచ్ మార్చాను. అంతే. టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ చక్కగా వెలుగుతున్నాయి.

మూడోసారి వెళ్లినప్పుడు మా కుర్రాడు కౌంటరు దగ్గర ప్లగ్గు కోసేసి, కొత్తది వేద్దామని జాకెట్ ఒలిచి, వేళ్లతో కేబుల్‌ని కిందనుంచి పైకి పిండినట్టు లాగాడు. కోసిన చివర ఒక నీటి బొట్టు వచ్చి నిలిచింది. ఇద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. కోసి పారేసిన ప్లగ్గు తీసి ఎండలో పెట్టి చూస్తే 4, 5 పిన్నుల దగ్గర ఆకుపచ్చ చిలుము. నీలం జత తీగ కొస సూదిలా సన్నబడి ఉంది. గోధుమరంగు జత మాత్రం మెరుస్తోంది. ఆ కెమెరాకి కరెంటు కూడా అదే కేబుల్లో వెళ్తోంది, 48 వోల్టుల పీవోఈ. అక్కడ వాడిన పద్ధతిలో నీలం జత పాజిటివ్, గోధుమరంగు జత నెగటివ్. నీళ్లు, డీసీ కరెంటు కలిస్తే పాజిటివ్ వైపు రాగి కరిగిపోతుంది. స్కూల్లో గాజు గ్లాసులో చేసి చూపించే విద్యుద్విశ్లేషణే, ఇక్కడ షాపు కౌంటరు కింద జరుగుతోంది.

నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి? పైపు ఎక్కడా పగల్లేదు. మా డెల్టాలో కాలువలు వదిలితే ఊళ్లోని నూతుల్లో నీళ్లు పైకొస్తాయని చిన్నపిల్లలకీ తెలుసు. మార్చిలో అడుగున ఉన్న నీరు జూలైకి గచ్చు కిందికి వచ్చేస్తుంది. సొల్యూషన్ పూసిన జాయింట్లలో ఒక్కటి సరిగా పట్టకపోయినా చాలు. అన్నీ పట్టినా, పైపు రెండు నోళ్ల నుంచి వెళ్లే తేమగాలి చల్లటి గచ్చు కింద నీరుగా మారి అక్కడే ఉండిపోతుంది, బయటికి పోయే దారి లేదు. అమెరికా విద్యుత్ నియమావళిలో భూమిలో వేసిన పైపు లోపలి భాగాన్ని ఏకంగా తడి ప్రదేశం కిందే లెక్కగట్టారు. పైపు ఎంత గట్టిగా బిగించామన్నది అక్కడ లెక్కలోకే రాదు. అది చదివినప్పుడు ఎవరో మా కోనసీమ చూసి రాశారనిపించింది.

మరి టెస్టరులో లైట్లు ఎందుకు వెలిగాయంటే, ఆ టెస్టరు చూసేది తీగ తెగిందా లేదా అన్నదొక్కటే. తడిసిన కేబుల్లో తీగ తెగదు. తీగల మీద ఉండే పాలిథీన్‌కి విద్యుత్ పరంగా ఉండే గుణం, డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటాం, సుమారు 2.3. నీళ్లకి దాదాపు 80. జతల మధ్య గాలి ఉండాల్సిన ఖాళీల్లో నీళ్లు చేరితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, 100 ఓములు ఉండాల్సిన ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి కేబుల్ చూపే అడ్డు) పడిపోతుంది, సిగ్నల్ కొంత వెనక్కి కొడుతుంది, కొంత దారిలోనే చచ్చిపోతుంది. గిగాబిట్‌కి నాలుగు జతలూ బాగుండాలి. ఒక జత మొరాయిస్తే చాలా స్విచ్‌లు 100 మెగాబిట్‌కి దిగి రెండు జతలతో కాలం గడుపుతాయి. కస్టమరుకి మాత్రం "నెట్ స్లోగా ఉందండీ" అని తెలుస్తుంది, అంతే.

ఆ షాపులో కొత్త కేబుల్ నా ఖర్చుతోనే మార్చాను. పాతది లాగుతుంటే పైపులోంచి కప్పు నీళ్లు వచ్చాయి.

కేబుల్ ఎంపిక

అంబాజీపేట పనికి ముందుగా ఒక నిర్ణయం రాసుకున్నాను: ఈ పైపు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు నీళ్లతో ఉంటుంది. ఇక ఎంచాల్సింది నీళ్లలో ఉన్నా పాడుకాని కేబుల్. ఇలా అనుకుంటే సగం రకాలు వాటంతటవే పోయాయి.

మామూలు పీవీసీ జాకెట్ ముందు పోయింది. పీవీసీ గీసుకోకపోయినా, చిల్లి పడకపోయినా నెలల తరబడి తడిలో ఉంటే తేమని లోపలికి రానిస్తుంది.

షాపుల్లో "అవుట్‌డోర్" అని అమ్మే నల్ల కేబుల్ దగ్గర జాగ్రత్త పడాలి. నలుపు రంగు వేసిన ప్రతిదీ అవుట్‌డోర్ కాదు. నేను శాంపిల్ అడిగి, అంగుళం జాకెట్ కోసి గ్లాసు నీళ్లలో వేస్తాను. పాలిథీన్ అయితే తేలుతుంది, దాని సాంద్రత నీటికన్నా తక్కువ. పీవీసీ అయితే మునిగిపోతుంది. పొగ తక్కువ వచ్చే ఇండోర్ జాకెట్లూ మునుగుతాయి. ఈ పనికి తెప్పించిన మూడు శాంపిళ్లలో రెండు రాయిలా అడుక్కి పోయాయి. రెండింటి మీదా "అవుట్‌డోర్" అనే ఉంది. వాటిని ఎండలో, గోడ మీద వేస్తే ఏమో గానీ గచ్చు కింద మాత్రం వెయ్యను. అనుమానం తీరకపోతే అగ్గిపుల్ల పెట్టండి. పాలిథీన్ కొవ్వొత్తిలా, అదే వాసనతో, చుక్కలు కారుతూ మండుతుంది. పీవీసీ ఘాటు వాసన కొట్టి, మంట తీసేస్తే ఆరిపోతుంది. ఆ పొగ పీల్చకండి, ఆరుబయట చేయండి.

తర్వాత రాగి సంగతి. అల్యూమినియం తీగకి పైపైన రాగి పూత పూసిన కేబుల్ మన మార్కెట్లో విరివిగా దొరుకుతోంది, పెట్టె మీద మాత్రం క్యాట్6 అనే ఉంటుంది. బ్లేడుతో తీగని గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. డ్రమ్ము ఎత్తితే తేలిగ్గా ఉంటుంది. ఇంకా గట్టి పరీక్ష మల్టీమీటరుతో: 100 మీటర్ల ముక్క తీసుకుని ఒక జతని అటుచివర కలిపి ఇటువైపు కొలిస్తే, 23 గేజి (తీగ లావు కొలత) అసలు రాగికి 13, 14 ఓములు వస్తుంది. అదే గేజిలో పూత కేబుల్‌కి 20 దాటుతుంది. పొడి చోటే పీవోఈకి అది పనికిరాదు. తడిలో అయితే రాగి, అల్యూమినియం రెండు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి కోసిన చివర దగ్గర అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

ఇక మిగిలినవి రెండు. పాలిథీన్ జాకెట్ లోపల జిగురు జెల్ నింపిన క్యాట్6 ఒకటి. నీళ్లు తగిలితే ఉబ్బే పొడి టేపు చుట్టిన క్యాట్6 ఇంకొకటి. రెండోది చేతికి శుభ్రం, పనివాళ్లకి ఇష్టం. నాకూ ఇష్టమే. కానీ టేపు పని ఏంటంటే జాకెట్ ఎక్కడైనా తెగితే అక్కడికి వచ్చిన నీళ్లు ముందుకి పాకకుండా ఆపడం. జెల్ అయితే నీళ్లకి చోటే ఇవ్వదు, ఖాళీలన్నీ ముందే నిండి ఉంటాయి. పైపు అప్పుడప్పుడు తడిసే చోట నేను టేపు కేబుల్ వేస్తాను. నెలల తరబడి నీళ్లు నిలిచే చోట జెల్. అందుకే ఇక్కడ జెల్ కేబుల్, 23 గేజి రాగి, షీల్డు (తీగల చుట్టూ ఉండే లోహపు రేకు) లేనిది. మాకు వచ్చిన కొటేషన్లో మామూలు క్యాట్6 ధరకి రెట్టింపు కన్నా కొంచెం తక్కువ. యజమాని గారు ఒక్క క్షణం కాగితం వైపు చూసి, "గచ్చు పగలగొట్టి మళ్లీ పోయాలంటే ఎంతవుద్దండీ?" అని పక్కనున్న తాపీ మేస్త్రి గారిని అడిగారు. ఆయన చెప్పిన అంకె విన్నాక కేబుల్ ధర గురించి మళ్లీ మాట రాలేదు.

షీల్డు ఎందుకు వద్దన్నానో చెప్పాలి, చాలామంది అడుగుతారు. షీల్డు ఉంటే దాన్ని సరిగా ఎర్త్ చెయ్యాలి, ప్లగ్గు, జాక్ (ప్లగ్గు గుచ్చే సాకెట్), ప్యాచ్ ప్యానెల్ (ర్యాక్‌లో జాక్‌లు వరసగా ఉండే పట్టీ) అన్నీ షీల్డువే ఉండాలి. సగం చేస్తే షీల్డు వల్ల రావాల్సిన లాభం రాదు. కొబ్బరి తురిమే మోటార్లు, వాటి స్పీడు కంట్రోలు డ్రైవులు ఆ షెడ్డులోనే ఉన్నాయి, నిజమే. దానికి నేను దూరం పాటించాను: 415 వోల్టుల కేబుళ్లకి డేటా పైపు అడుగు దూరంలో, దాటాల్సిన చోట అడ్డంగా సరిగ్గా లంబంగా. క్యాట్7 వేద్దామని షాపతను సలహా ఇచ్చాడు. తూకం యంత్రానికీ లేబుల్ ప్రింటరుకీ పది గిగాబిట్లు ఏం చేసుకుంటారు? రేపు ఎప్పుడైనా కావాలంటే క్యాట్6 మీదే 55 మీటర్ల దాకా పది గిగాబిట్లు నడుస్తాయి, మా పొడవాటి దారి 48 మీటర్లే.

ఒక చిక్కు ఉంది. పాలిథీన్ మండుతుంది, జెల్ కూడా. భవనం లోపల దాన్ని బయటికి కనిపించేలా పొడవుగా తిప్పకూడదు. అమెరికా నియమావళి 50 అడుగులకి మించనివ్వదు. మేం ఇంకా తక్కువలో తెంచేశాం: గచ్చులోంచి పైకి వచ్చిన చోటే ఒక బాక్సు, అందులో జాక్‌లో ముగింపు, అక్కడినుంచి మామూలు ఇండోర్ కేబుల్. దీనివల్ల జెల్ కారి ర్యాక్‌లోకి వెళ్లే బాధా ఉండదు. వేసవిలో నిలువు కేబుల్ చివర నుంచి జెల్ తేనెలా కిందికి దిగుతుంది. స్విచ్ మీద కారిన జెల్ తుడిచిన వాడికే ఆ బాధ తెలుసు.

కాటా దగ్గర కథ వేరు. గేటు పక్కన లారీ కాటా, ర్యాక్ నుంచి 140 మీటర్లు. రాగి కేబుల్‌కి మొత్తం 100 మీటర్లే హద్దు. అందులో ప్యాచ్ త్రాళ్లకి (రెండు చివరలా గుచ్చే పొట్టి కేబుళ్లు) 10 పోగా శాశ్వతంగా వేసేది 90. మధ్యలో ఒక స్విచ్ పెట్టి పొడిగించొచ్చు, కానీ గేటు దగ్గర కాటాకి వేరే ఎర్త్ గొయ్యి, షెడ్డుకి వేరే. పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వచ్చే వోల్టేజీ తేడా రాగి తీగ పట్టుకుని నేరుగా ర్యాక్‌లోకి వస్తుంది. వైశాఖంలో, జ్యేష్ఠంలో మా వైపు కొబ్బరి చెట్ల మీద పిడుగులు ఎలా పడతాయో చెప్పక్కర్లేదు. అందుకని సింగిల్ మోడ్ ఫైబరు (రాగి బదులు సన్నటి గాజు పోగుల్లో వెలుతురు మీద డేటా పంపే కేబుల్), 6 కోర్లు అంటే ఆరు పోగులు, లోపల ఎక్కడా లోహం లేనిది. మామూలు లూజ్ ట్యూబ్ ఫైబరులో జెల్ ఎలాగూ ఉంటుంది, జాకెట్ పాలిథీన్. స్ప్లైసింగ్ (ఫైబరు పోగులు అతకడం) గురించి భయపడాల్సిన రోజులు పోయాయి. ఊళ్లో కేబుల్ టీవీ కుర్రాడి దగ్గరే మిషను ఉంది. సాయంత్రం వచ్చి, టీ తాగే లోపు నాలుగు అతికి, ఒక్కో అతుకులో సిగ్నల్ నష్టం 0.1 డీబీ లోపు చూపించి వెళ్లాడు. కాటా ఇండికేటరు నుంచి వచ్చేది పాత సీరియల్ లైను. అది 15 మీటర్లు దాటితే నమ్మలేం, కాబట్టి కాటా గదిలోనే దాన్ని ఈథర్నెట్‌కి మార్చే పెట్టె పెట్టాం.

పైపు, ఇసుక, మేస్త్రి గారు

కేబుల్ ఎంత మంచిదైనా పైపు చెడితే మార్చుకోలేం. ముక్కలు అతికే పీవీసీ బదులు చుట్టగా వచ్చే 40 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) పైపు తీసుకున్నాను. ర్యాక్ నుంచి టేబుల్ దాకా మధ్యలో ఒక్క జాయింటు లేదు, ఎల్బో అసలే లేదు. మలుపు తిప్పాల్సిన చోట పైపునే పెద్ద వంపుగా తిప్పాం. రెండు చివరలా పైకి లేచే వంపులు కాక దారిలో ఇంకో వంపు లేదు. రెండు లంబ మలుపులు దాటితే, లేదా 30 మీటర్లు దాటితే మధ్యలో లాగుడు బాక్సు పెట్టమంటారు. మలుపులు రెండే, కానీ రెండు దారులు 30 దాటాయి. తడి గచ్చులో బాక్సు పెట్టడం కన్నా పెద్ద పైపు, పెద్ద వంపు మేలనుకుని ఆ నియమాన్ని తెలిసే పక్కన పెట్టాను. ఇది నా నిర్ణయం, అందరికీ చెప్పే సలహా కాదు.

40 ఎందుకంటే లెక్క చూడండి. జెల్ కేబుల్ 8 మి.మీ. లావు, అంటే 50 చదరపు మి.మీ. పైపు లోపలి వైశాల్యంలో 40 శాతం మించి నింపకూడదు. 25 పైపు లోపల 21 ఉంటుంది, అందులో రెండు పడతాయి, మూడోది లెక్కలో పట్టదు. మామూలు సన్న క్యాట్6 నాలుగు పట్టే పైపు అది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: పైపు వేసేటప్పుడు సన్న కేబుల్ లెక్క, లాగేటప్పుడు లావు కేబుల్. 40 పైపు లోపల 34 అనుకుంటే ఏడు పడతాయి. మేం మూడేసి లాగాం, రెండు వాడకానికి, ఒకటి ఖాళీగా.

పైపు ఎత్తు గురించి మేస్త్రి గారితో కాస్త వాదన అయ్యింది. మట్టిలో గాడి తీసి అడుగున పెడదామన్నారు ఆయన, తొక్కుడు తగలకుండా. బేస్‌మెంట్ రోడ్డుకన్నా రెండున్నర అడుగుల ఎత్తు ఉంది కదా, ఆ ఎత్తంతా ఎందుకు వదులుకోవాలి? ఇసుక పైపొరలో, పీసీసీకి (గచ్చు కింద పోసే చువ్వలు లేని కాంక్రీటు) జానెడు కింద పెట్టమన్నాను. నేల నీరు అక్కడిదాకా వచ్చి నిలబడే రోజులు తగ్గుతాయి. స్లాబు కాంక్రీటు లోపల మాత్రం వద్దు, అక్కడ పైపు వెంటే బీట వస్తుంది. ప్లింత్ బీమ్ (పునాది మీద గోడ కింద వచ్చే కాంక్రీటు దూలం) దాటే చోట 75 మి.మీ. పైపు ముక్క స్లీవుగా పెట్టించాను. బీమ్ కదలదు, పక్కనున్న ఇసుక మాత్రం వానకి కుంగుతుంది. స్లీవు లేకపోతే పైపు ఆ అంచు మీద కత్తెరలో పడ్డట్టే.

ఇసుక కుదురుకోవడానికి నీళ్లు కడతారని నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు మర్చిపోయాను. పొద్దున్న పైపులు పరిచి, మీద ఇసుక కప్పి, టిఫినుకి వెళ్లాం. వచ్చేసరికి మోటారు పెట్టి ఇసుకంతా తడిపేశారు. మా కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు: "గురువుగారూ, పైపులు తేలిపోతున్నాయండీ!" చూస్తే ఊట ఇసుకలోంచి నల్ల పైపు ఒకటి నీరుకట్టె పాములా వీపు బయటపెట్టి ఉంది. లోపల గాలి, బయట నీళ్లు కట్టిన ఇసుక, తేలక ఏం చేస్తుంది? నీరు ఇంకేదాకా ఆగి, మళ్లీ గాడి తీసి, మీటరుకొకటి చొప్పున 8 మి.మీ. చువ్వని గేటు కొక్కెంలా వంచి దిగేశాం. మేస్త్రి గారు నవ్వి, "కొబ్బరి చిప్ప తేలదేంటండీ, ఇదీ అంతే" అన్నారు.

పోతకి ముందు ప్రతి పైపు పక్కనా టేపు చాపి ఫోటోలు తీశాను, గోడ నుంచి ఎంత, స్తంభం నుంచి ఎంత అని. దారిని గోడకి కనీసం రెండు అడుగులు ఎడంగా ఉంచాను. కారణం చెదల మందు. కట్టడం అయ్యాక చెదలు కనిపిస్తే మందు వాళ్లు గోడ వెంబడి గచ్చుకి అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు. ఆ డ్రిల్లు బిట్టుకి మన పైపు ఉందో లేదో తెలియదు.

టేబుళ్ల దగ్గర గచ్చులో మూత బాక్సులు పెడదామని ఆర్కిటెక్టు గీశారు. నేను ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం గచ్చు కడుగుతారు. కొబ్బరినీళ్లు ఒలికి, ఆరి, జిగురై, చీమలు పడతాయి. ఇత్తడి మూత ఎంత ఖరీదుదైనా రబ్బరు రింగు ఏడాదికి ఎండిపోతుంది. దానికి బదులు ప్రతి టేబుల్ కింద చిన్న సిమెంటు దిమ్మ, అందులోంచి పైపు గచ్చుకి ఒకటిన్నర అడుగుల పైకి. ఆ ఎత్తు గాలిలోంచి తీసింది కాదు. పక్కనే ఉన్న వాళ్ల పాత షెడ్డులో గోడ మీద వాననీటి మరక గచ్చుకి ఒక అడుగు దాకా ఉంది.

లాగుడు

పీసీసీ, దాని మీద గచ్చు ఆరాక లాగుడు. ముందుగా నైలాన్ తాడుకి గుడ్డ ఉండ కట్టి పైపు చివరి దాకా తీశాం. మూడు పైపులు పొడిగా వచ్చాయి. కూలీలు ఇసుక తడిపినప్పుడు మూత ఊడిన ఒక పైపులోంచి కొద్దిగా నీరు వచ్చింది. జారడానికి ఏం పూయాలన్నది ఇక్కడ పెద్ద చర్చ. కొబ్బరి పొడి యూనిట్‌లో ఉండి కొబ్బరి నూనె పూయకపోతే ఎలా అని కూలీలు డబ్బా తెచ్చారు కూడా. పూయనివ్వలేదు. నూనె వాసనకి పందికొక్కులు, చీమలు వస్తాయి. గ్రీజు, బండి ఆయిలు అయితే జాకెట్‌ని ఉబ్బిస్తాయి, కొన్నిసార్లు పాలిథీన్ బీటలిస్తుంది. బట్టల సబ్బు ఎండితే కేబుల్‌ని పైపుకి అంటించేస్తుంది, తర్వాత బయటికి తీయలేం. నీటితో చేసిన కేబుల్ లూబ్రికెంటు ఒక డబ్బా విజయవాడ నుంచి తెప్పించాను.

క్యాట్6 మీద 11 కిలోల బరువు మించి లాగకూడదు. మనిషి ఒంటి బలంతో లాగితే 30 కిలోలు ఇట్టే దాటిపోతుంది, జతల మెలిక సాగిపోతుంది, తీగ తెగకపోయినా పనితనం పోతుంది. చేపల సంతలో వాడే స్ప్రింగు కాటా ఒకటి తాడుకి కట్టి లాగించాను. మూడు కేబుళ్లు కలిపి లాగుతున్నాం కాబట్టి 33 దాకా పోవచ్చని లెక్క, అయినా 20 దగ్గర ఆపేయమని చెప్పాను. 48 మీటర్ల దారిలో కూడా ముల్లు 14 దాటలేదు. పెద్ద పైపు పెట్టిన సుఖం అది.

జెల్ తుడవడం మా కుర్రాడికి పెద్ద పరీక్ష. జాక్‌లో గుచ్చే ముందు ఒక్కో తీగనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. తుడవకపోతే జాక్ కత్తులు తీగని సరిగా కరవవు, దుమ్ము పట్టుకుంటుంది. మొదటి బాక్సుకి ముప్పావు గంట పట్టింది, చివరిదానికి పావుగంట. వాడకుండా వదిలిన ఖాళీ కేబుళ్ల చివరలకి లోపల జిగురున్న హీట్ ష్రింక్ టోపీలు వేశాం. పైపు నోళ్లకి డక్ట్ సీల్ ముద్ద, అవసరమైతే వేలితో తీసేయగలిగేది. ఎం-సీల్ లాంటి గట్టిపడే ముద్ద వద్దు. రేపు ఇంకో కేబుల్ లాగాలంటే సుత్తి పట్టుకోవాలి.

పరీక్షకి ఎనిమిది లైట్ల టెస్టరు తీసుకెళ్లలేదు. సర్టిఫై చేసే యంత్రం రెండు రోజులకి అద్దెకి తెచ్చి ప్రతి లింకుకీ రిటర్న్ లాస్ (వెనక్కి కొట్టే సిగ్నల్ కొలత), జతల మధ్య క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరడం), డీసీ రెసిస్టెన్స్ తీసి ఫైలు పెట్టాను. మే నెలలో అన్నీ పాసయ్యాయి. అదేమంత ముచ్చట కాదు, అమలాపురం షాపులో కేబుల్ కూడా మార్చిలో పాసయ్యేదే. అందుకని యజమాని గారితో ముందే మాట్లాడుకుని, చివరి పదిశాతం బిల్లు ఆగస్టు పరీక్ష తర్వాత తీసుకుంటానన్నాను. అదే యంత్రం మళ్లీ అద్దెకి, ఆ అద్దె నాది.

ఆగస్టు రెండో వారంలో వెళ్లాను. కాలువలు నిండుగా ఉన్నాయి, వారం నుంచి వాన. రెండో టేబుల్ దగ్గర సీల్ ముద్ద తీసి, గుడ్డ కట్టిన తాడు లాగితే గుడ్డ నీళ్లు ఓడుతూ వచ్చింది. మిగతా పైపుల్లో తేమే, నిలిచిన నీరు లేదు. ఇసుక తడిపిన రోజు మూత ఊడింది ఈ పైపుకే, బహుశా పైకి తేలినప్పుడు ఎక్కడో గీసుకుపోయి ఉంటుంది. ఆ పైపులోని రెండు లింకులు మే నెల కొలతలకి పక్కపక్కన పెట్టి చూశాను. రిటర్న్ లాస్ గీత మీద గీత కూర్చుంది. బిల్లు అందింది.

నాలుగో టేబుల్ పైపు గురించి చెప్పకుండా వదిలేస్తే తప్పవుతుంది. అన్నిటిలో లాగే అందులోనూ కేబుళ్లతో పాటు రేపటి అవసరానికి నైలాన్ తాడు ఒకటి వదిలాం. ఆగస్టులో దాన్ని లాగి చూస్తే కదల్లేదు. కేబుళ్లు బాగానే ఉన్నాయి. తాడు మాత్రం ఎక్కడో బిగుసుకుంది, లాగుతున్నప్పుడు కేబుళ్లకి పెనవేసుకుని ఉంటుంది, లేదా పోత రోజు సిమెంటు పాలు దిగి గట్టిపడి ఉంటాయి. ఇంకో నాలుగు కేబుళ్లు పట్టే చోటు ఆ పైపులో ఉంది, కానీ తాడు లేకుండా వైరు లాగే ఉక్కు స్ప్రింగు తోస్తే ఉన్న జాకెట్లు గీసుకుంటాయని భయం. మా కుర్రాడు కంప్రెసరుతో గాలి కొట్టి దారం పంపుదామంటున్నాడు. వేసవిలో కాలువలు కట్టాక ఒకసారి ప్రయత్నిస్తాం.